త్రీ నాట్ త్రీ మళ్లీ కొత్తగా తయారు చేస్తే గిట్టుబాటు అవుతుందా..? అసలు లెక్క ఇదీ!

పాత సినిమాల్లో కానిస్టేబుల్ భుజానికి వేలాడే ఆ పొడవాటి తుపాకీ గుర్తుందా? అదే త్రీ నాట్ త్రీ. అసలు పేరు లీ-ఎన్‌ఫీల్డ్. రెండు ప్రపంచ యుద్ధాల్లో లక్షల మంది భారత సైనికులు మోసిన రైఫిల్ ఇది. 2020 జనవరి 26 పరేడ్‌తో యూపీ పోలీసులు కూడా దీనికి వీడ్కోలు పలికారు.

మన దగ్గర దాని పని అయిపోయింది. కానీ అమెరికాలో మాత్రం ఇలాంటి పాత మిలిటరీ రైఫిళ్లంటే పడిచచ్చే షూటర్లు, కలెక్టర్లు ఇప్పటికీ ఉన్నారు. పాతవి దొరకడం తగ్గింది, రేట్లు పెరిగాయి. మరి అచ్చం అలాంటివే కొత్తగా తయారు చేసి చవగ్గా అమ్మొచ్చు కదా? వినడానికి ఈజీగానే ఉంది.. చిక్కంతా లెక్క దగ్గరే.

అప్పట్లో అంత చవగ్గా ఎలా?

అమెరికా ఎం1 కార్బైన్‌నే తీసుకుందాం. రెండో ప్రపంచ యుద్ధంలో 60 లక్షలకు పైగా తయారయ్యాయి. టైప్‌రైటర్లు చేసే అండర్‌వుడ్, జ్యూక్‌బాక్స్‌లు చేసే రాక్-ఓలా, చివరికి ఐబీఎం కూడా వీటిని తయారు చేశాయి. ఒక్కోదానికి ప్రభుత్వానికి పడిన ఖర్చు సుమారు 45 డాలర్లు. కారణం సింపుల్. కొనేది ప్రభుత్వమే, ఆర్డర్ లక్షల్లో, అమ్ముడుపోదేమో అన్న బెంగే లేదు.

ఇప్పుడు ఆ సీన్ లేదు. ఉదాహరణకు ఒక ఫ్యాక్టరీ డిజైన్, మెషీన్ల సెటప్, టెస్టింగ్ కోసం 10 కోట్లు పెట్టిందనుకుందాం. లక్ష రైఫిళ్లు అమ్ముడైతే ఒక్కోదానిపై ఆ భారం వెయ్యి రూపాయలే. ఐదు వేలే అమ్ముడైతే..? ఒక్కోదానిపై 20 వేలు! స్టీలు, చెక్క, కూలీ ఖర్చు ఇంకా కలపనే లేదు.

పాత సరుకే పెద్ద పోటీ

రెండో సమస్య ఇంకా పెద్దది. యుద్ధాలు ముగిశాక సైన్యాలు వదిలించుకున్న రైఫిళ్లు దశాబ్దాల పాటు మార్కెట్‌ను ముంచెత్తాయి. 1963లో కెనడీ హత్యకు వాడిన ఇటలీ కార్కానో రైఫిల్‌ను ఓస్వాల్డ్ పోస్టులో తెప్పించుకున్నాడు. స్కోప్‌తో కలిపి దాని ధర 19.95 డాలర్లే! రష్యన్ మోసిన్-నాగంట్ అయితే 2010 ప్రాంతంలో కూడా వంద డాలర్ల లోపే దొరికేది. ఒరిజినలే అంత చవగ్గా వస్తుంటే, కాపీని ఎవరు కొంటారు?

ఇప్పుడు ఆ మోసిన్ ధరే కొన్ని వందల డాలర్లకు చేరింది. కొత్తగా తయారు చేద్దామనే ఆలోచనకు బలం వస్తున్నది ఇక్కడే.

గట్టెక్కింది ఎవరు?

ఇటలీ కంపెనీ ఉబెర్టీ 1959 నుంచి పాత అమెరికన్ తుపాకుల కాపీలు చేస్తోంది. కౌబాయ్ తరహా షూటింగ్ పోటీల పుణ్యమా అని దానికి ఏటా కొనేవాళ్లు ఉన్నారు. ఆటో-ఆర్డ్‌నెన్స్ కంపెనీ ఎం1 కార్బైన్‌ను కొత్తగా తయారు చేస్తోంది. అయితే లిస్ట్ ధర వెయ్యి డాలర్లు దాటింది. జర్మన్ ఎఫ్‌జీ-42 లాంటి అరుదైన వాటి కాపీలైతే 5 వేల డాలర్ల రేంజ్‌లో ఉన్నాయి.

లీ-ఎన్‌ఫీల్డ్ విషయంలోనూ ఒక ప్రయత్నం జరిగింది. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ కంపెనీ ఒకటి ఆ తరహా రైఫిళ్లను, సులభంగా దొరికే 7.62 తూటాలకు సరిపోయేలా కొత్తగా తెచ్చింది. ఎక్కువ కాలం నిలవలేదు.

ఇషాపూర్‌కు ఛాన్స్ ఉందా?

కోల్‌కతా దగ్గరి ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీకి ఈ తుపాకీ కొత్త కాదు. బ్రిటిష్ కాలం నుంచే ఇక్కడ తయారైంది. 1962 చైనా యుద్ధం తర్వాత 7.62 తూటాకు మార్చి మరీ తయారు చేశారు. 2021 అక్టోబర్‌లో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టాక, ఇలాంటి ఫ్యాక్టరీలు సొంతంగా ఆర్డర్లు తెచ్చుకోవాల్సిన పరిస్థితి. మరి ఎగుమతి ఒక దారి అవుతుందా?

మన దేశంలో తయారైన బ్రౌన్ బెస్ మస్కెట్ల కాపీలు ఇప్పటికే అమెరికా, కెనడాలకు వెళ్తున్నాయి. పాత యుద్ధాలను మళ్లీ నటించి చూపే గ్రూపులు వాటిని కొంటాయి. కానీ అవి చవగ్గా వెళ్లడానికి ఒక కిటుకు ఉంది. మందు అంటుకునే రంధ్రం వేయకుండా పంపుతారు కాబట్టి అది పేలే తుపాకీ లెక్కలోకి రాదు. లీ-ఎన్‌ఫీల్డ్‌కు ఆ వెసులుబాటు లేదు. తూటా ప్రెషర్‌ను తట్టుకునే స్టీలు కావాలి, ప్రతి పీస్‌కూ టెస్ట్ తప్పదు, లైసెన్సులు అదనం.

ఇక దేశంలో అమ్ముదామంటే .303 సామాన్యులకు నిషేధిత బోర్. అందుకే లైసెన్సుదారుల కోసం .315 స్పోర్టింగ్ రైఫిల్ ఉంది. దాని మూలం కూడా లీ-ఎన్‌ఫీల్డే! పైగా 2019 చట్ట సవరణతో ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. కలెక్షన్ కోసం కొనేవాళ్లు ఇక్కడ పెద్దగా ఉండరు.

చివరికి తేలేదేంటి?

కొత్త రైఫిల్ తయారు చేయడం సాధ్యమే. కానీ పాత సర్‌ప్లస్ రేటుకు అమ్మడం మాత్రం అయ్యే పని కాదు. వెయ్యి డాలర్ల పైన పెట్టి కొనేవాళ్లు ఏటా కొన్ని వేల మంది ఖాయంగా ఉంటేనే ఫ్యాక్టరీకి గిట్టుబాటు. ఆ గ్యారంటీ లేకుండా సర్కారు సొమ్ముతో మెషీన్లు బిగిస్తే.. చివరికి మిగిలేది గోడౌన్ నిండా రైఫిళ్లు, లెక్కల్లో నష్టాలే!