ఎండ మచ్చలకు లెక్కేదీ?



వేసవి రాగానే వడదెబ్బ గురించి నోటీసు బోర్డు మీద నాలుగు ముక్కలు రాసి యాజమాన్యాలు చేతులు దులుపుకుంటాయి. వడదెబ్బ మనిషిని ఆ పూటే పడగొడుతుంది కనుక దాన్ని దాచటం వాళ్లకు సాధ్యం కాదు. అదే ఎండ ఇరవై, ముప్పై ఏళ్లపాటు మన చర్మానికి చేసే హాని గురించి మాత్రం ఎవరూ నోరు విప్పరు. గట్టిగా అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "ఆ జబ్బులు తెల్లవాళ్లకే వస్తాయి, మనకు లేవు." ఈ మాటలో సగం నిజం. మిగతా సగం మనల్ని లెక్కలోంచి తీసివేసే ఎత్తుగడ.

ఏమిటీ మచ్చలు?

ఏళ్ల తరబడి ఎండ తగిలిన చోట చర్మం మీద గరుకైన పొలుసు మచ్చలు లేస్తాయి. నుదురు, బట్టతల, చెవులు, ముక్కు, కింది పెదవి, ముంజేతులు వీటికి ఎక్కువగా గురవుతాయి. కంటికంటే ముందు వేలికే తెలుస్తాయి. సాండ్ పేపరు తడిమినట్టుంటుంది. డాక్టర్లు వీటిని ఆక్టినిక్ కెరటోసిస్ అంటారు. ఇది కేన్సర్ కాదు, కేన్సర్‌కు ముందు మెట్టు. చాలా మచ్చలు కేన్సర్‌గా మారవు. కొన్ని వాటంతటవే పోతాయి. అయితే ఏ మచ్చ మారుతుందో ముందుగా చెప్పటం డాక్టరుకూ సాధ్యం కాదు. తొలిదశలో పూత మందుతోనో, అతి చల్లని ద్రవ నత్రజనితోనో తీసివేస్తారు. కేన్సర్‌గా ముదిరిన తర్వాత చాలాసార్లు కోత తప్పదు.

లెక్క ఎలా తీశారు?

స్పెయిన్‌లో చర్మవ్యాధుల ఓ.పి.కి వచ్చిన 45 ఏళ్లు, ఆపై వయసు వారిని పరీక్షించి 2016లో ప్రకటించిన లెక్క ప్రకారం 28.6 శాతం మందికి ఈ మచ్చలున్నాయి. మగవారిలో అయితే 38.4 శాతం. ఆస్ట్రేలియాలో 40 ఏళ్లు దాటిన తెల్లవారిలో 40 నుంచి 60 శాతం మందికి ఉంటాయని అంచనా.

మన దేశంలో ఇవి చాలా తక్కువ. ఇది నిజం, దీన్ని దాచి కార్మికులను భయపెట్టటం మా పని కాదు. మన చర్మంలోని నల్లదనం పుట్టుకతో వచ్చిన గొడుగు. కానీ ఆ గొడుగు అందరికీ ఒకేలా లేదు. పుట్టుకతోనే ఒళ్లూ జుట్టూ తెల్లగా ఉన్నవారు మన పల్లెల్లో ఉన్నారు, వాళ్లూ కూలికి పోతున్నారు. వాళ్లకు ఈ ఎండ ప్రాణాంతకం. మానని పాత కాలిన గాయాల్లో చర్మ కేన్సర్ పుట్టటం కూడా మన దేశపు డాక్టర్లకు తెలిసిన విషయమే.

మరొక మాట. తక్కువ అనటానికీ, వెతికి చూసి తక్కువని తేల్చటానికీ తేడా ఉంది. స్పెయిన్‌లో వెతికి చూసి లెక్క రాశారు. మన దగ్గర ఏం జరుగుతోంది? ఔరాద్ తాలూకా సంతపూర్ కార్మికుడు చర్మం డాక్టరును చూడాలంటే బీదర్ బస్సెక్కాలి. ఆ రోజు కూలి పోతుంది. దురద ఉంటే దురద చూపిస్తాడు, చీటీ తెచ్చుకుంటాడు. తలపాగా తీసి నెత్తి చూసేదెవరు? ఏం పని చేస్తావని అడిగి రాసుకునేదెవరు? నొప్పిలేని గరుకు మచ్చ కోసం కూలి పోగొట్టుకుని వచ్చేదెవరు? ఓ.పి. రిజిస్టరులో లేదు గనుక జబ్బే లేదంటే, మస్టర్ రోల్‌లో పేరు లేదు గనుక కార్మికుడే లేడని కంట్రాక్టరు అన్నట్టుంది!

మిల్లు చరిత్ర చెప్పే పాఠం

లాంకషైర్ నూలు మిల్లుల్లో మ్యూల్ యంత్రం మీద వంగి పనిచేసే స్పిన్నర్ల బట్టలు కదురు నూనెతో నానిపోయేవి. ఏళ్లు గడిచాక వాళ్లకు వృషణాల తిత్తి చర్మంపై కేన్సర్ వచ్చేది. 1922లో మాంచెస్టర్ డాక్టర్లు సౌథమ్, విల్సన్ ఆసుపత్రి రికార్డులు తిరగేస్తే, ఆ జబ్బుతో వచ్చిన 141 మందిలో 69 మంది మ్యూల్ స్పిన్నర్లే! రోగి పేరు పక్కన వృత్తి రాసి ఉండబట్టే నిజం బయటపడింది. అయినా హాని చేయని నూనెనే వాడాలనీ, ఆరు నెలలకోసారి వైద్య పరీక్ష చేయాలనీ నిబంధనలు రావటానికి 1953 దాకా పట్టింది. అంటే ముప్పై ఏళ్లకు పైగా! ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించింది కార్మికులే.

చట్టంలో ఎండ ఎందుకు లేదు?

1923 పరిహార చట్టం చర్మ కేన్సర్‌ను వృత్తి వ్యాధిగా గుర్తించింది. తారు, పిచ్, మినరల్ ఆయిల్ వంటి వాటివల్ల వస్తేనే. ఎండ పేరు అక్కడ లేదు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోకి అదే జాబితా దిగింది. కార్మిక చట్టాలన్నీ తిరగరాశామని గొప్పలు చెప్పుకున్న ప్రభుత్వానికి ఎండ కనబడలేదా?

ఎండ కేన్సర్ కారకమని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1992లోనే తేల్చింది. జర్మనీలో 2015 జనవరి 1 నుంచి, ఆరుబయట పనిచేసే వారికి ఎండవల్ల వచ్చే ఒక రకం చర్మ కేన్సర్‌నే కాదు, ఇలాంటి మచ్చలు ఎక్కువగా లేచినా వృత్తి వ్యాధిగా గుర్తిస్తున్నారు. ఎండలో చేసిన పనివల్ల వచ్చిన చర్మ కేన్సర్‌తో (మెలనోమా కాకుండా) 2019లో ప్రపంచమంతటా దాదాపు 19,000 మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో ప్రకటించాయి. 2000 సంవత్సరంతో పోలిస్తే ఇది 88 శాతం ఎక్కువ.

మిల్లు అంటే నీడపట్టు పని అనుకునేవాళ్లు జిన్నింగ్ మిల్లు యార్డు చూడాలి. కలబురిగి ఎం.ఎస్.కె. మిల్లు, నాందేడ్ ఉస్మాన్‌షాహీ మిల్లు మూతపడిన తర్వాత అలాంటి సీజను పనుల్లో పడ్డవాళ్లు మనలో ఎందరో! బండ్ల నుంచి పత్తి దించే హమాలీలు, పత్తి పరిచి చెత్త ఏరే ఆడవాళ్లు నడినెత్తి ఎండలోనే ఉంటారు. సీజను చలికాలం కదా అని మోసపోవద్దు. చర్మాన్ని దెబ్బతీసే అతినీలలోహిత కిరణాలు వేడిగా తగలవు. ఎండ హాయిగా అనిపించిన రోజున కూడా అవి పడుతూనే ఉంటాయి. యార్డు మీద రేకుల కప్పు వేయటానికి డబ్బు లేదనే యజమాని, పత్తి తడవకుండా తాడిపత్రీలు మాత్రం సిద్ధంగా ఉంచుతాడు. పత్తికున్న విలువ మన చర్మానికి లేదా?

మన డిమాండ్లు:

1. యార్డుల్లో నీడ కప్పు వేయాలి. 11 నుంచి 3 గంటల మధ్య ఆరుబయట పని తగ్గించాలి, ఆ పేరుతో కూలి కోయరాదు.

2. పొడుగు చేతుల నూలు చొక్కా, వెడల్పు అంచు టోపీ యాజమాన్యమే ఇవ్వాలి. కంట్రాక్టు, బదిలీ, సీజను కార్మికులకూ ఇవ్వాలి.

3. ఏటా జరిపే వైద్య పరీక్షలో నెత్తి, చెవులు, పెదవి, చేతులు చూడాలి. ఆసుపత్రి రిజిస్టరులో వృత్తి, పనిచేసిన ఏళ్లు రాయాలి.

4. పనివల్ల వచ్చే చర్మ కేన్సర్ జాబితాలో ఎండను చేర్చాలి.

మీ వంతుగా, నెల దాటినా మానని పుండు, పదేపదే పెచ్చు కట్టే మచ్చ, రక్తం కారే పెదవి ఉంటే పసుపు పూసి ఊరుకోకండి. డాక్టరుకు చూపించండి. ఏం పని చేస్తారో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో చెప్పి చీటీ మీద రాయించండి. యూనియన్ ఆఫీసులో కూడా నమోదు చేయించండి.

మన లెక్క మనమే మొదలుపెడదాం! లెక్కలో లేనివాడికి హక్కు ఉండదు!