బాటు కేవ్స్ ఒక్కటేనా?

ఊరి నుంచి చుట్టాలొస్తే మలేసియాలో మనం తిప్పే చోట్లు అందరికీ తెలిసినవే. బాటు కేవ్స్ మెట్లు, జంట టవర్లు, గెంటింగ్. ఈసారి మా మూడు కుటుంబాలు కలిసి కెడా రాష్ట్రంలోని మెర్బోక్‌కు వెళ్లాం. పులిహోర, పెరుగన్నం కట్టుకుని పొద్దున్నే బయల్దేరాం. మధ్యాహ్నానికి బుజాంగ్ లోయ చూసేసి పినాంగ్ బీచ్‌కు పోవచ్చని లెక్క. సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయాం.

జెరాయ్ కొండ అడుగున, వాగు పక్కన ఉంటుంది బుకిట్ బాటు పహాట్ చండి. పాత గుడిని ఇక్కడ 'చండి' అంటారు. కప్పు లేదు, విగ్రహం లేదు. రాతి పీఠం, ముందు మండపం, స్తంభాలు నిలిపిన దిమ్మెలు మాత్రం ఉన్నాయి. 1930ల్లో క్వారిచ్ వేల్స్ దంపతులు ఈ లోయలో తవ్వకాలు జరిపారు. 1960 ప్రాంతంలో ఈ గుడి రాళ్లను తిరిగి పేర్చి నిలబెట్టారు. మ్యూజియం ఆవరణలో వేరే చోట్ల నుంచి తరలించి కట్టినవీ ఉన్నాయి. నాగార్జునకొండ చూసినవాళ్లకు ఆ సంగతి వింతగా అనిపించదు. మా ఆవిడ అలవాటుగా కర్పూరం తీసి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ సంచిలో పెట్టేసింది.

మాలో ఒకాయన పిల్లలకు "ఇదంతా ఒకప్పుడు మనవాళ్ల రాజ్యమేరా" అని చెప్పడం మొదలుపెట్టాడు. వాట్సాప్‌లో రోజూ తిరిగే మాటే. రాజేంద్ర చోళుడు 1025లో కడారం మీద దండెత్తిన మాట నిజమే. కడారమంటే ఈ కెడానే. కానీ అంతకు వందల ఏళ్ల ముందే ఇక్కడ రేవు ఉంది, సుంగై బాటులో ఇనుము తీసిన కొలుములు ఉన్నాయి. ఈ ప్రాంతంలో దొరికిన 5వ శతాబ్దపు శాసనంలోని బుద్ధగుప్తుడు రాజు కాడు, నావికుడు. ప్రయాణం సఫలం కావాలని కోరుకున్న మనిషి. పొట్ట చేత పట్టుకుని సముద్రం దాటొచ్చిన మనకు రాజుకన్నా ఆయనే దగ్గర కాదూ?

'మాది' అని మనం గట్టిగా అంటే, 'అయితే మాకేం పని' అనడానికి మిగతావాళ్లకు వీలు దొరుకుతుంది. దాని ఫలితం చిన్నది కాదు. ఈ లోయలోనే 11వ నంబరు చండిని 2013లో ఇళ్ల నిర్మాణం కోసం బుల్డోజర్లతో నేలమట్టం చేశారు. అది ప్రైవేటు స్థలం, వారసత్వ చట్టం కింద ప్రకటించినదీ కాదు. గొడవంతా కూలిపోయాకే జరిగింది. దాన్ని చూడటానికి బస్సుల్లో జనం వచ్చిపోతూ ఉంటే అంత తేలిగ్గా కూల్చగలిగేవారా?

మన సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి హాళ్లు మాట్లాడతాయి. ఏడాదికొక బస్సు మెర్బోక్‌కు మాట్లాడటం అంతకంటే కష్టమేం కాదు. అందులో మలయ్, చైనీస్ ఇరుగుపొరుగు పిల్లల్నీ ఎక్కించుకోండి. పొద్దున్నే వెళ్లండి, ఎండ బాగా కాస్తుంది. వాగు దగ్గర రాళ్లు జారతాయి, బూట్లు వేసుకోండి.