మన తెలివిని కొలిచేవాళ్లలో మనవాళ్లేరి?



ఎమ్మెస్సీ సైకాలజీ చదివానంటే మన దిక్కు మొదట అడిగేది "పిచ్చోళ్ల డాక్టరువా?" అని. రెండోది "నౌకరి వస్తదా?" అని. మొదటిదానికి నవ్వి ఊరుకుంటాను. రెండోదానికి మా నాయనకే ఇంకా సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కడినే. పీహెచ్‌డీ అంటే ఇంకో అయిదేళ్లని ఆయన వేళ్ల మీద లెక్క పెడతాడు. ఆ లెక్క తప్పు కాదు. అయినా ఆ చదువు మనవాళ్లు చదవాలనే నా అభిప్రాయం. అందులోనూ లెక్కలతో నడిచే క్వాంటిటేటివ్ సైకాలజీ చదవాలి. తెలివిని, జ్ఞాపకశక్తిని, దిగులును ఎలా కొలవాలి, ఆ కొలతను ఎంతవరకు నమ్మవచ్చు అని తేల్చే శాఖ అది.

ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. తెలివి పరీక్షలో "అంగడి అంటే ఏమిటి?" అని అడిగారనుకోండి. మన పిల్లవాడు "వారానికోసారి కూడే సంత" అంటాడు. ప్రశ్న రాసినాయన దగ్గర ఉన్న జవాబు "కొట్టు". ఒక మార్కు పోయింది. పోయింది మార్కే అయితే ఫరవాలేదు, పిల్లవాడికి "మందబుద్ధి" అనే పేరు పడితే? పెద్ద కొడప్‌గల్ చుట్టుపక్కల ఒకే బెంచీ మీద ఇంట్లో తెలుగు, మరాఠీ, కన్నడ, లంబాడీ మాట్లాడే పిల్లలు కూర్చుంటారు. వాళ్లందరినీ ఒకే పుస్తకాల తెలుగుతో కొలవడం న్యాయమా?

1905లో ఫ్రాన్స్‌లో బినే, సిమోన్ మొదటి తెలివి పరీక్షను తయారు చేసింది బడిలో సాయం అవసరమైన పిల్లల్ని గుర్తించడానికే. తర్వాత అమెరికాలో దానినే పుట్టుతెలివికి కొలబద్ద చేసి, వలస వచ్చినవాళ్లను, నల్లవాళ్లను తక్కువవాళ్లని ముద్ర వేశారు. ఇలాంటి తప్పును కోపంతో ఎంత అరిచినా రుజువు చేయలేం. లెక్క చేస్తుంది. మిగతా ప్రశ్నలన్నిటిలో సమానంగా వచ్చిన రెండు గుంపుల్లో ఒక గుంపే ఒకే ప్రశ్న దగ్గర పదేపదే తప్పుతుంటే, ఆ ప్రశ్నను అనుమానించాలి. దీన్ని పట్టుకునే పద్ధతులు ఈ శాఖలో నేర్పుతారు.

లెక్కలు మనకు రావంటారా? ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన మన తెలుగాయన సి.ఆర్. రావు, యుద్ధకాలంలో సైన్యం సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లాడు. అది దొరకలేదు. అక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. 1955లో మనస్తత్వ కొలతల పత్రిక 'సైకోమెట్రికా'లో ఫ్యాక్టర్ అనాలిసిస్ మీద ఆయన వ్యాసం వచ్చింది. రకరకాల పరీక్షల మార్కుల వెనక దాగిన శక్తులెన్ని అని వెతికే పద్ధతి అది. 2023లో ఆయన కన్నుమూశాడు.

ఇక కోర్స్‌వర్క్. పీహెచ్‌డీలో ఇది తప్పనిసరి అని యూజీసీ 2009లో చెప్పింది. 2022 నిబంధనల ప్రకారం కనీసం 12 క్రెడిట్లు. చాలామంది దీన్ని హాజరు వేయించుకునే తంతుగా చూస్తారు. నాకది నచ్చదు. అమెరికాలో ఈ శాఖవాళ్లకు మొదటి రెండేళ్లు చాలావరకు తరగతులే. మన దగ్గర పరిశోధనా పద్ధతుల పేపరు ఒకటి రాసి, లెక్కలు డబ్బులిచ్చి ఎవరితోనో చేయించుకున్నవాళ్లను నేను చూశాను. పట్టా వస్తుంది, కానీ ఆ కొలత తప్పని ఎవరైనా అంటే వాళ్లు నోరు విప్పలేరు.

జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలని చెప్పిన రోజు మా నాయన కొంచెం మెత్తబడ్డాడు. కాసేపాగి "రాకపోతే?" అన్నాడు. గ్రూప్స్ పుస్తకాలు కూడా పక్కన పెట్టుకునే చదువుతున్నాను, అబద్ధమెందుకు.

పదో తరగతి లెక్కల్లో సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత అధ్యాయాలను చివర్లో హడావుడిగా ముగించేస్తారు. ఈ చదువుకు పునాది అవే. నేను వేసవిలో ఊర్లోనే ఉంటాను. ఆదివారాలు హాస్టల్‌కు వస్తాను, నోటుబుక్కు తెచ్చుకోండి.