పట్టాభిషేకము తరువాతి కథ

జానపద కథ ఎచ్చట ముగియునో తెలుగు బాలునకు చిన్ననాటనే తెలియును. మాంత్రికుడు హతుడగును, రాకుమారికి వివాహమగును, రాజ్యము సుభిక్షమగును. ఆ పిదప ధాన్యమును ఎవరు కొలిచిరి, ఓడినవారి బిడ్డలు ఎచ్చట పెరిగిరి అను ప్రశ్నలు కథకునకు పట్టవు. 1951లో వెలువడిన ‘పాతాళభైరవి’ చిత్రమున తోటమాలి కొడుకు రాజునకు అల్లుడగునే గాని, రాజరికము ఎందులకని అడుగడు. ‘చందమామ’లో 1954లో ‘తోకచుక్క’తో ఆరంభమై దాసరి సుబ్రహ్మణ్యము కలమునుండి వెలువడిన ధారావాహికలు కల్పనయందును, కథాగమనమునందును సాటిలేనివి. చిత్రా గీసిన బొమ్మలతో గూడి అవి అనేకులకు చదువు రుచి చూపినవి. అయినను వానియందును దుష్టుడు కూలినంతనే కథకు పని తీరిపోవును.

ఇందులకు సరిగా ఎదురు కొసనుండి ఆరంభమగు నవల యొకటి ఆంగ్లమున వచ్చినది. రోసారియా ముండా అను అమెరికా రచయిత్రి 2019లో ప్రకటించిన ‘ఫైర్‌బార్న్’ అను నవలయు, 2021లోను, 2022లోను వెలువడిన దాని తరువాయి భాగములు రెండును కలిసి ‘ఆరీలియన్ సైకిల్’ అనబడుచున్నవి. యువపాఠకులకై వ్రాసిన కథ యగుటచే ఇందు నిప్పులు గ్రక్కు డ్రాగన్లును, వాని నధిరోహించు యువతీయువకులును కలరు. కాని కథ మొదలగునప్పటికే విప్లవము గెలిచినది, డ్రాగన్ ప్రభువులు కూలిరి. కథానాయకుడు లీ ఆ ప్రభువంశమున మిగిలిన బాలుడు, తన పుట్టుక దాచుకొని అనాథాశ్రమమున పెరిగినవాడు. నాయిక ఆనీ పల్లెటూరి రైతుబిడ్డ. కరవునాడు పన్ను చెల్లింపలేదని ఆమె కుటుంబమును డ్రాగన్ నిప్పునకు ఆహుతి చేసినవాడు లీ తండ్రియే. వీరిరువురును నూతన రాజ్యమునకు రక్షకులై, ఒకే పదవికి పోటీపడుదురు.

నూతన రాజ్యమునకు కాలిపోలిస్ అని పేరు. ప్లేటో తన ‘రిపబ్లిక్’లో కల్పించిన ఆదర్శనగరము పేరే అది. మానవులు బంగారము, వెండి, కంచు, ఇనుము కలిసిన మట్టితో పుట్టిరని ప్రజలను నమ్మింపవలెనని ప్లేటో చెప్పిన కథను ముండా పరీక్షగా మార్చినది. పుట్టుక పోయినది, పరీక్ష వచ్చినది. పరీక్షయందు తేలిన లోహమును బట్టి పని, గౌరవము, తుదకు కరవునాడు దొరకు తిండియు ఏర్పడును. ఏ గ్రంథము ఎవరు చదువవలెనో కూడ లోహమే నిర్ణయించును. ప్రభువులను కూల్చిన ప్రభుత్వము తానును డ్రాగన్లపై నెక్కి పల్లెలకు పోయి పంట వసూలు చేయును. తన వారిని దహించిన మృగమునకు జాతి యగుదానిపై నెక్కియే ఆనీ తన ఊరిలో దిగును. ఈ యొక్క ఘట్టమునకై యైనను ఆ నవలను చదువవచ్చును.

ఖరగ్‌పూరు రైల్వే పట్టణమున న్యూ సెటిల్‌మెంట్ అను పేటయందలి తెలుగు బాలునకు ఈ కథ పరదేశపు కథ కాదు. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి బెంగాల్ నాగపూర్ రైల్వే పనికి తరలివెళ్ళిన కుటుంబముల సంతతి ఆ ఊర నున్నది. రైల్వే కాలనీలో క్వార్టరును చూచినంతనే కుటుంబపెద్ద గ్రేడు తెలియును. లోహమును మణికట్టున ధరింపనక్కరలేదు, గోడలే చెప్పును. 1927లో ఆ ఊరి వర్కుషాపున సమ్మెయు, లాకౌటును జరిగినవి. అనంతరకాలమున రాష్ట్రపతి యైన వి. వి. గిరి ఆ రైల్వే కార్మికుల ఉద్యమమునకు నాయకులలో నొకరు. ఆ పోరాటముల తరువాత స్వరాజ్యము వచ్చినది, రైల్వే ప్రభుత్వపరమైనది, దొరలు వెడలిరి. గ్రేడులు మాత్రము వెడలలేదు.

అచ్చటికి చేరువనే హిజ్లీ కలదు. విప్లవకారులను నిర్బంధించిన ఆ శిబిరమున 1931 సెప్టెంబరు 16న కాల్పులు జరిగి సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అను ఇరువురు ఖైదీలు మరణించిరి. 1951లో ఆ భవనముననే దేశమునకు మొదటి ఐ.ఐ.టి. వెలసినది. చెరసాల విద్యాలయమగుట స్వతంత్ర భారతమునకు గర్వకారణమే, సందేహము లేదు. అయితే ద్వారమున కాపలా ఉన్నచోట ప్రవేశ పరీక్ష నిలిచినది. పరీక్ష తుపాకి కాదు. కాని వర్కుషాపు కార్మికుని బిడ్డ ఇంటినుండి ఆ ద్వారము ఎంత సమీపమో, ఎంత దూరమో లెక్కించుట యువసాహిత్యమునకు తగని పనియా? ముండా కథకు కేంద్రము అదియే. పరీక్ష న్యాయమైనదే కావచ్చును, దానికి సిద్ధపడుటకు అందరికిని ఒకే తీరున వెసులుబాటు కలదా?

నవలయందు లోపములు లేకపోలేదు. రెండవ భాగమున ప్రణయవ్యవహారము రాజనీతిని పలుమార్లు ప్రక్కకు నెట్టుచున్నది. అంతకన్న పెద్ద లోపము మరియొకటి. ఇనుప తరగతివారి దుఃఖము తరచుగా పైనుండి, డ్రాగన్ వీపునుండి కనబడునే గాని, వారి వంటింటినుండి కనబడదు. ఆవిరియంత్రముల కాలమున ఖరగ్‌పూరులో పెరిగినవారికి నిప్పులు గ్రక్కు మృగమన్న బాగుగా తెలియును. దానిని నడుపు డ్రైవరునే గాక, దాని కడుపున బొగ్గు పోసి చెమటలు గ్రక్కు ఫైర్‌మన్‌ను కూడ వారెరుగుదురు. ముండా కథలో ఫైర్‌మన్‌కు చోటు చాలలేదు. ఆ చోటును నింపగల కథ తెలుగున రావలసియున్నది.

విప్లవానంతర కాలము తెలుగు నవలకు క్రొత్తది కాదు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’ నవలలతో ఆగక, 1948 తరువాతి తెలంగాణమును ‘జనపదము’న చిత్రించిరి. దొర పోయినను దొరతనము ఏ వేషమున మరలివచ్చునో ఆ నవల చూపినది. కాని అది పెద్దల కొరకు వ్రాయబడినది. పదునాలుగేండ్ల పాఠకునకు తెలుగున మిగిలినది ఏమి? ‘చందమామ’ 2010ల దశకారంభమున ఆగిపోయినది. బాల్యమునకును, ప్రౌఢ నవలకును నడుమనున్న వయస్సును తెలుగు ప్రచురణలోకము దాదాపు విడిచిపెట్టినది. ఆ వయస్సుననే ఖరగ్‌పూరు బిడ్డ బడిలో ఆంగ్లమునకు, వీధిలో హిందీకి, బెంగాలీకి మరలి, తెలుగును అమ్మమ్మతో మాటలాడుటకు మాత్రమే ఉంచుకొనును. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నిచ్చుటకు నిర్ణయించినది. అదియు ఒక పట్టాభిషేకమే. దాని తరువాతి కథ చదువుటకు పుస్తకము కావలెను.

అట్టి పుస్తకము స్వతంత్ర రచనగా వచ్చుట ఉత్తమము. అంతవరకు ముండా నవలను అనువదింప పూనువారికి భాషావిషయమున నొక అపూర్వావకాశము కలదు. ఆ కథలో కూలిన ప్రభువులది ‘డ్రాగన్ భాష’, ప్రజలది వేరొక భాష. విప్లవప్రభుత్వము ప్రభువుల భాషను అనుమానించును, దాని మహాకావ్యమును సామాన్యులకు అందనీయదు. అయినను లీ ఆ కావ్యమును మరువలేడు, ఆనీ దానిని నేర్చుకొనియే ప్రభువులతో సమానముగా మాటలాడగలుగును. గ్రాంథిక వ్యావహారిక వివాదమున నలిగిన భాషకు ఈ చిక్కు చక్కగా అర్థమగును. డ్రాగన్ భాషను గ్రాంథికమునను, తక్కిన కథనమును శిష్టవ్యావహారికమునను వ్రాయవచ్చును. ‘డ్రాగన్’ అను మాటను సర్పమనియో, యాళి యనియో మార్చి చెడగొట్టక యథాతథముగా నుంచుట మేలు. పిల్లలకు ఆ మాట తెలిసినదే. ఇక ఆనీ తన ఊరివారితో మాటలాడు పట్టున కోస్తా జిల్లాల పత్రికాభాష పనికిరాదు. న్యూ సెటిల్‌మెంట్ ఇండ్లలో నేటికిని వినవచ్చు ఉత్తరాంధ్రపు యాస, నడుమ నడుమ హిందీ బెంగాలీ మాటలతో సహా, ఆమె నోట పలుకవలెను.