అసలైన టాంగో ఎవరిది?

"ఆడవాళ్లు ఆలోచించకూడదు. ఆలోచిస్తే అది టాంగో కాదు."

కొన్నేళ్ల క్రితం నేను చేరిన టాంగో తరగతిలో మాస్టారు చెప్పిన మొదటి పాఠమిది. మగవాడు నడిపిస్తాడు, ఆడవాళ్లు కళ్లు మూసుకుని అనుసరించాలి. ఆ దగ్గరితనం ఇబ్బందిగా ఉండి ఒకామె కాస్త వెనక్కి జరిగింది. "బ్యూనస్ ఏర్స్‌లో అసలైన పద్ధతి ఇదే, ఇష్టం లేకపోతే ఇంకేదైనా నేర్చుకోండి" అన్నాడాయన. ఆమె మళ్లీ రాలేదు. ఊళ్లలో మీటింగులు పెట్టి "నోరు తెరవండి" అని చెప్పే నేను ఆ రోజు నోరు మెదపలేదు. ఆ సిగ్గే ఈ నాలుగు మాటలు రాయిస్తోంది.

ఇన్ని సమస్యలుండగా ఎక్కడో అర్జెంటీనా నాట్యం గొడవ మనకెందుకని మీరనుకోవచ్చు. కానీ "ఇది సంప్రదాయం, ప్రశ్నించకూడదు" అన్న మాట మనకు కొత్తదా? ఎక్కడ వినిపించినా ఆ సంప్రదాయాన్ని ఎవరు రాశారో, అందులో ఏది దాచారో వెతకడం మన పని. నేనూ వెతికాను.

టాంగో 19వ శతాబ్దం చివర్లో బ్యూనస్ ఏర్స్, మాంటెవీడియో రేవుపట్టణాల పేదవాడల్లో పుట్టింది. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల సంతతి, ఇటలీ, స్పెయిన్‌ల నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చిన వలస జనం కలిసి దాన్ని తయారుచేశారు. అక్కడి పెద్దమనుషులు దాన్ని ఈసడించుకున్నారు. 1910ల్లో పారిస్ మోజుపడ్డాకే అది వాళ్ల ఇళ్లలోకి వచ్చింది. 2009లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అంటే టాంగో ఎన్నోసార్లు మారింది. వీటిలో ఏ ఒక్క రూపాన్నో పట్టుకుని ఇదొక్కటే అసలైనదని ఎవరు తేల్చాలి?

పోనీ, మాస్టారు కోరిన పాత పద్ధతినే తీసుకుందాం. 1940ల నాటి బ్యూనస్ ఏర్స్‌లో కుర్రాళ్లు మగవాళ్ల మధ్యే సాధన చేసేవారు. ముందు అనుసరించడం నేర్చుకుని, ఆ తర్వాతే నడిపించేవారు. అవతలి మనిషి ఒంటికి ఏమనిపిస్తుందో తెలిశాకే ఆడవాళ్లతో ఆడేవారు. మిలోంగా అనే ఆ నాట్యసభల్లో ఇంకో ఆచారం ఉంది. మగవాడు దూరం నుంచే చూసి తలాడిస్తాడు. ఆమె చూపు కలిపితేనే లేచి దగ్గరికి వస్తాడు. ఇష్టం లేకపోతే చూపు తిప్పుకుంటుంది, అంతే. ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు. ఆ సభల్లో ఆడవాళ్లకు అన్నీ సుఖాలేనని నేననను. కానీ ఈ రెండూ మాకు నేర్పలేదే! సంప్రదాయంలోంచి ఆధిపత్యాన్ని ఏరుకుని, ఆడవాళ్ల "వద్దు"ను వదిలేసి, దానికి "అసలైనది" అని ముద్ర వేశారు.

చరిత్ర కూడా ఇలాగే ఏరి చెప్తారు. పాకితా బెర్నార్డో అనే యువతి 1920ల ఆరంభంలోనే బాండోనియాన్ వాయిస్తూ సొంత వాద్యబృందాన్ని నడిపింది. పాతికేళ్లు నిండకుండానే 1925లో చనిపోయింది. ఆమె వాయిద్యం ఒక్క రికార్డులోనూ లేదు. మా తరగతిలో ఆమె పేరెత్తిన వారు లేరు.

మన కలావంతుల కథ గుర్తు రాలేదూ? తరతరాలుగా నాట్యాన్ని కాపాడిన స్త్రీలను అసభ్యులన్నారు. 1947లో మద్రాసు చట్టం వాళ్ల గుడి నాట్యాన్ని నిషేధించింది. దేవదాసీ వ్యవస్థ పోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ వాళ్ల విద్యలోంచి కావలసింది తీసుకుని వేదికలెక్కినవాళ్లు శాస్త్రీయ కళాకారులయ్యారు. విద్యనిచ్చిన స్త్రీలు మాత్రం పేరు దాచుకుని బతకాల్సి వచ్చింది.

అలాగని నచ్చిందల్లా కలిపేసి దాన్నే టాంగో అనమనడం లేదు. పాట వినాలి, నడక నేర్వాలి, అది ఎవరి చేతుల్లో పుట్టిందో తెలుసుకోవాలి. అయితే ఇద్దరు మనుషులు ఒకరినొకరు వినడమే టాంగోకి ప్రాణమైతే, ఒకరి నోరు నొక్కి ఆడేది ఎలా అసలైనదవుతుంది? స్త్రీ హత్యలకు వ్యతిరేకంగా అర్జెంటీనా స్త్రీలు 2015లో వీధుల్లోకి వచ్చారు. ఆ తర్వాతి ఏళ్లలో అక్కడి టాంగో స్త్రీలే మిలోంగాల్లో వేధింపులను ఎలా ఎదుర్కోవాలో నియమాలు రాసుకున్నారు. ఆడవాళ్లు నడిపించడం, ఇద్దరూ పాత్రలు మార్చుకోవడం ఇప్పుడు ఆ ఊళ్లోనే చూడొచ్చు. టాంగో పుట్టిన గడ్డ మీది స్త్రీలు చేస్తున్నది నకిలీ అనగలమా?

నాట్యం నేర్పేవాళ్లను నేను అడిగేవి మూడే. రెండు పాత్రలూ అందరికీ నేర్పండి. మొదటి రోజే "వద్దు" అనే హక్కు గురించి చెప్పండి. చరిత్ర చెప్తే మొత్తం చెప్పండి.

ఇక నా సంగతి. ఆ రోజు వెనక్కి జరిగిన ఆమె తప్పు చేయలేదు. ఆ మాట అక్కడే, అందరి ముందూ అనాల్సింది. ఇంకోసారి అలాంటి తరగతిలో నిలబడితే అంటాను.