సర్కారు వకీలు ఎవరి వకీలు?

పాకాల నుంచి రోజూ రైలులో తిరుపతికి వచ్చి చదువుకునే న్యాయశాస్త్ర విద్యార్థి ఒకరు ఇటీవల అడిగారు: ‘సార్, పీపీ అంటే గవర్నమెంటు ఉద్యోగా, లాయరా?’ సందర్భాన్ని బట్టి మన న్యాయస్థానాలు రెండు సమాధానాలూ చెప్పాయి. ఏ సమాధానం ఎవరికి ఉపకరించిందన్నది కులం వైపు నుంచి చూడవలసిన విషయం.

పూర్తికాల వేతన ఉద్యోగి ప్రాక్టీసు చేయరాదన్నది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 49వ నిబంధన. దాని ప్రకారమే హిమాచల్ విద్యుత్ బోర్డు లా ఆఫీసరు సతీశ్ కుమార్ శర్మ నమోదు రద్దును సుప్రీంకోర్టు 2001లో సమర్థించింది. అయితే జీతం తీసుకుంటున్నా కోర్టులో నిలబడి వాదించే ప్రాసిక్యూటర్ న్యాయవాదేనని, జిల్లా జడ్జి ఎంపికకు 233(2) అధికరణ కోరే ఏడేళ్ల అనుభవంలో ఆ కాలమూ చేరుతుందని 2013లో దీపక్ అగర్వాల్ కేసులో తేల్చింది. సరైన తీర్పే.

చిక్కు మరోచోట ఉంది. మెజిస్ట్రేటు కోర్టుల అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లను పోటీ పరీక్షతో, రిజర్వేషన్లు పాటించి నియమిస్తారు. ప్రభుత్వ ప్లీడర్ల సంగతి వేరు. అది వృత్తిపరమైన ఒప్పందమని, కొనసాగింపును హక్కుగా కోరలేరని జోహ్రీ మల్ కేసు (2004) చెప్పింది. ఉద్యోగం కానప్పుడు 16(4) అధికరణ పట్టుకుని వాటా అడిగే వీలు సన్నగిల్లుతుంది. పరీక్ష లేనిచోట పరిచయాలు పనిచేస్తాయి. పరిచయాలకు కులం ఉంటుంది. హైకోర్టు న్యాయమూర్తి పదవికి ఈ హోదా ఒక మెట్టు అన్నది బార్‌లో ఎవరికీ తెలియనిది కాదు.

ఒప్పందమన్న మాటకు మరో ముఖమూ ఉంది. 1985 జూలై 17న కారంచేడులో దళితుల ఊచకోత జరిగినప్పుడు బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు. రాజీనామా చేసి బాధితుల వైపు నిలిచారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల హత్య తరువాత, ఆ ఊళ్లోనే కొలువుదీరిన ప్రత్యేక కోర్టులో పౌరహక్కుల న్యాయవాది బి. చంద్రశేఖర్ స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా వాదించారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. మంచి ప్రాసిక్యూటర్ ఉన్నంత మాత్రాన అంతా అయిపోదు. కానీ ఆ మాత్రం లేకపోతే కేసు మొదటి మెట్టు మీదే కూలిపోతుంది.

పాకాల స్టేషన్లో నమోదైన అట్రాసిటీ కేసు విచారణ జిల్లా స్థాయి ప్రత్యేక కోర్టులో జరుగుతుంది. అక్కడి ప్రాసిక్యూటర్ ఎవరో కూలికి పోయే బాధితునికి చాలాసార్లు తెలియదు. అయితే 1995 నాటి అట్రాసిటీ నియమాల్లో 4(5) కింద, బాధితులు కోరితే జిల్లా కలెక్టర్ పేరున్న సీనియర్ న్యాయవాదిని తగిన ఫీజు చెల్లించి నియమించవచ్చు. కలెక్టర్ తప్పక ఒప్పుకోవాలని అందులో లేదు. అడిగే హక్కు మాత్రం ఉంది. ఆ సంగతి ఎఫ్ఐఆర్ నకలుతో పాటు తెలుగులో రాసి బాధితుల చేతికివ్వడానికి కొత్త చట్టమేదీ అవసరం లేదు. మా విద్యార్థికి చెప్పింది కూడా ఇదే; ముందు ఆ దరఖాస్తు నమూనా తయారు చేయమన్నాను.