ప్రసారకుడు పాలకుడైన వేళ

1863లో లండను నగరమున పుట్టి, ఫుట్‌బాల్ క్రీడకు నియమావళిని కూర్చి లోకమునకిచ్చిన ఇంగ్లండు ఫుట్‌బాల్ అసోసియేషన్, 2004వ సంవత్సరపు వేసవిలో తన పరువును తానే బజారున పెట్టుకొన్నది. కార్యాలయమందలి ప్రణయ వ్యవహారములు పత్రికలకెక్కగా, ముఖ్య కార్యనిర్వహణాధికారి మార్క్ పాలియోస్ ఆగస్టు మాసమున పదవిని వీడెను. ఆ స్థానమును పూరింపవలసివచ్చినప్పుడు సంస్థ పెద్దల చూపు ఐ.టి.వి. క్రీడాప్రసార విభాగాధిపతియైన బ్రయన్ బార్విక్‌పై నిలిచెను. 2005 జనవరి మాసాంతమున పదవిని స్వీకరించిన ఆయన 2008 చివరివరకు ఆ భారమును వహించెను. ప్రసార హక్కుల ధనమే క్రీడాసంఘములకు ప్రాణాధారమైన ఈ కాలమున, టెలివిజన్ వ్యాపారమున ఆరితేరినవానిని పాలనాపీఠమెక్కించినచో సకల కష్టములును తీరుననెడి విశ్వాసము దేశదేశముల ప్రబలుచున్నది. ఆ విశ్వాసమునకు బార్విక్ నాలుగేండ్ల చరిత్రకంటె మంచి గీటురాయి నాకు కనబడదు.

ఆయన సామాన్యుడు కాడు. లివర్‌పూల్‌లో జన్మించి, 1979లో బి.బి.సి. క్రీడావిభాగమున చేరి, 1964 నుండియు ఇంగ్లండు ప్రజల శనివారపు రాత్రులను ఏలుచున్న ‘మ్యాచ్ ఆఫ్ ది డే’ కార్యక్రమమునకు సంపాదకత్వము వహించి, పిమ్మట ప్రత్యర్థి సంస్థయైన ఐ.టి.వి.కి మారిన దక్షుడు. ఆనాటి ఆటలలో దేనిని ముందు చూపవలెను, ఏ గోలును మరల మరల చూపవలెను, వ్యాఖ్యాత ఎచ్చట మౌనము వహింపవలెను అను విచక్షణ ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. అయినను, 2001 నుండి మూడేండ్ల ప్రీమియర్ లీగ్ ముఖ్యాంశముల హక్కులను 18.3 కోట్ల పౌండ్లకు కొన్న ఐ.టి.వి., తన ముఖ్యాంశముల కార్యక్రమమును శనివారము సాయంకాలము ఏడు గంటలకు జరిపి చూడగా, ప్రేక్షకులు ఆదరింపలేదు. కొలది మాసములకే దానిని రాత్రి పొద్దుపోయిన పిమ్మటకు జరుపవలసివచ్చెను; 2004లో ఆ హక్కులు తిరిగి బి.బి.సి. వశమయ్యెను. ప్రసార వృత్తిలో ఇట్టి పొరపాట్లు సహజములు, సవరించుకొనుటకు వీలైనవి. పాలనయందో, ఒకమారు వ్రాలు చేసిన ఒడంబడిక నాలుగేండ్లు కాళ్లను కట్టివేయును; ఒక శిక్షకుని నియామకము ఒక తరము క్రీడాకారుల యౌవనమును హరింపగలదు.

ఆయన పాలనను పరిశీలించినకొలది ఒక విశేషము తేటపడుచున్నది. తనకు పరిచయము లేని రంగములందు ఆయన హయాము చెప్పుకోదగిన ఫలితములనిచ్చెను. కొట్టినపిండి వంటి రంగమునందే దెబ్బతినెను.

మొదటిదానికి బర్టన్ ఉదాహరణము. స్టాఫర్డ్‌షైర్‌లోని బర్టన్ పట్టణమునకు చేరువను, దేశమందలి శిక్షకులకును బాలక్రీడాకారులకును విద్యాలయముగా ఉండుటకై, అసోసియేషన్ 2001లో సుమారు 330 ఎకరముల భూమిని కొన్నది. నేల చదునుచేసి, పచ్చిక పెంచి, మైదానములను సిద్ధపరచిరి. అంతలో వెంబ్లీ స్టేడియము పునర్నిర్మాణము ధనమునంతయు మ్రింగివేయగా, పని అచ్చటనే ఆగిపోయెను. ఆడుటకు పచ్చికబయళ్లు కలవు, వాని ప్రక్కన బస చేయుటకు గది లేదు, పాఠము చెప్పుటకు శాల లేదు. ఏండ్లతరబడి ఆ భూమి అట్లే పడియుండెను. బాల్యశిక్షణ లేనిదే జాతీయ జట్టునకు భవిష్యత్తు లేదని క్రీడాభివృద్ధి విభాగాధిపతి ట్రెవర్ బ్రూకింగ్ వదలక వాదింపగా, 2008 ఆరంభమున పాలకమండలి ఆ పనికి మరల అనుమతినిచ్చెను. 2012 అక్టోబరులో సెయింట్ జార్జ్ పార్క్ అను పేర ఆ కేంద్రము ద్వారములు తెరచుకొన్నవి. ఎన్నియో జాప్యముల పిమ్మట వెంబ్లీ 2007లో ప్రారంభమైనదియు, సంస్థ పాలనా సంస్కరణలపై 2005లో వెలువడిన లార్డ్ బర్న్స్ నివేదికను అనుసరించి 2008 జనవరిలో స్వతంత్రాధ్యక్షుడుగా లార్డ్ ట్రైస్‌మన్ వచ్చినదియు బార్విక్ హయాముననే. ఈ పనులలో ఏ ఒక్కటియు ఒక్కని ఘనత కాదు. వృత్తిక్లబ్బుల ప్రతినిధులొక వైపునకును, కౌంటీ సంఘముల ప్రతినిధులొక వైపునకును లాగుచున్న మండలిలో వాటిని నెరవేర్చుట మాత్రము ఓర్పుగల పాలకునికే సాధ్యము. ఆ ఓర్పు ఆయనయందు కలదని ఒప్పుకొనక తప్పదు.

ఇక తెలిసిన విద్య సంగతి. 2006 ఏప్రిలులో ఇంగ్లండు జట్టు శిక్షకుడు ఎరిక్సన్‌కు వారసుని వెదకుచు బార్విక్ లిస్బనుకు పోయి, పోర్చుగల్ జట్టు శిక్షకుడు లూయిజ్ ఫెలిపె స్కొలారిని కలసెను. వార్త క్షణములలో పొక్కినది. విలేఖరులు స్కొలారి యింటిని చుట్టుముట్టిరి; ఆ వేధింపునకు విసిగి ఆయన ఆ పదవి తనకు వలదనెను. కెమెరాలు ఎక్కడ పొంచియుండునో ఒక జీవితకాలము చూచినవానికి ఇంతమాత్రపు గోప్యత సాధ్యము కాకపోవుట విచారకరము. కొలది దినములకే స్టీవ్ మెక్లారెన్‌ను నియమించి, ఆయనయే తమ మొదటి ఎంపిక యని ప్రకటించిరి. లిస్బను ప్రయాణమును కన్నులార చూచిన ప్రజ ఆ మాటను నమ్మలేదు. అపనమ్మకముతో ఆరంభమైన ఆ శిక్షకత్వము 2007 నవంబరు 21న వెంబ్లీలో ముగిసెను: డ్రా చేసికొన్నను చాలునన్న ఆటలో ఇంగ్లండు క్రొయేషియా చేత 3-2 తేడాతో ఓడి, యూరో 2008 పోటీలకు దూరమయ్యెను. మరునాడే మెక్లారెన్‌కు ఉద్వాసన పలికిరి.

ఇంతకంటె లోతైనది హక్కుల విక్రయము. 2007 మార్చిలో అసోసియేషన్, తాను నడుపు ఎఫ్.ఎ. కప్పు పోటీల, ఇంగ్లండు జట్టు స్వదేశపు ఆటల ప్రసార హక్కులను 2008 నుండి నాలుగేండ్లకు ఐ.టి.వి., సెటాంటా అను సంస్థలకు 42.5 కోట్ల పౌండ్లకు అమ్మివైచెను. అదివరకు వాటిని చూపుచుండిన బి.బి.సి., స్కై సంస్థలు వెనుకబడెను. అంకె ఘనమైనదే, అమ్మకమునందలి నేర్పును నేను తక్కువ చేయను. కాని సెటాంటా చందాదారులను ఇంకను కూడగట్టుకొనవలసిన, శక్తికి మించిన హక్కులను తలకెత్తుకొన్న ఐర్లండు సంస్థ. 2009 జూనులో అది కుప్పకూలెను. ఈ ప్రమాదమును ఊహించుటకు జ్యోతిషము అక్కరలేదు. అంతకు ఏడేండ్ల క్రిందట, 2002లో, ఐ.టి.వి. డిజిటల్ అను సంస్థ దిగువ శ్రేణుల ఫుట్‌బాల్ లీగ్‌తో అదివరకు చేసికొన్న 31.5 కోట్ల పౌండ్ల ఒప్పందము నడుమనే దివాలా తీసెను. దాని వెనుకనున్న కార్ల్‌టన్, గ్రనాడా సంస్థలనుండి లీగ్ వ్రాతపూర్వకమైన పూచీకత్తును పొందియుండలేదు గనుక, న్యాయస్థానమున సైతము క్లబ్బులకు ఏమియు దక్కలేదు. బార్విక్ ఆనాడు ఐ.టి.వి. క్రీడావిభాగమునకు అధిపతి. ఆ దుర్ఘటనను అంత చేరువనుండి చూచినవాడు ఇంగ్లండు క్రీడాలోకమున మరియొకడు అరుదు. అట్టివానిని పాలకునిగా తెచ్చుకొన్నందుకు సంస్థ పొందదగిన మొదటి లాభము, కొనువాని బలమును ముందుగా తూచి చూచుట. సరిగా ఆ లాభమే చేకూరలేదు.

అమ్మినవారి నిర్ణయపు ఫలము సోఫాలో కూర్చున్న ప్రేక్షకుని ఒడిలోనే పడును. 2009 ఫిబ్రవరి 4న, బార్విక్ పదవిని వీడిన కొలది వారములకు, ఎవర్టన్ లివర్‌పూల్ జట్లు ఎఫ్.ఎ. కప్పు పోటీలో తలపడి, అదనపు సమయము 118వ నిమిషము వరకు గోలు లేక సాగుచుండగా, ఐ.టి.వి. తెరపై అకస్మాత్తుగా ప్రకటన వచ్చినది. మరల మైదానము కనబడునప్పటికి ఎవర్టన్ ఆటగాండ్రు కుప్పగా ఒకరినొకరు కౌగిలించుకొనుచుండిరి. డాన్ గోస్లింగ్ కొట్టిన ఆ ఏకైక గోలు దేశమున చాలమంది కంటబడనే లేదు. అది యాంత్రిక దోషము, సంస్థ క్షమాపణ చెప్పుకొన్నది, బార్విక్‌కు దానితో సంబంధము లేదు. అయినను నూటముప్పదియేడేండ్ల చరిత్రగల పోటీని ఒకరి చేతిలో పెట్టునప్పుడు, వారు ఎంత ఇత్తురని అడుగుటతోపాటు ఎట్లు చూపుదురని అడుగుట పాలకుని ధర్మమని ఆ రాత్రి ఇంగ్లండు ప్రజలకు తెలిసివచ్చెను.

ఈ చర్చ మనకు దూరపుది కాదు. టెలివిజన్ మన దేశమున అడుగిడకమునుపే, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో హైదరాబాదీయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారతజట్టు నాలుగవ స్థానమును పొందినది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణమును గెలిచినది. అటువంటి వారసత్వముగల క్రీడకు సంబంధించిన వాణిజ్య హక్కులను అఖిలభారత ఫుట్‌బాల్ సమాఖ్య 2010లో పదునైదేండ్లకు, 700 కోట్ల రూపాయలకు, ఐ.ఎం.జి.-రిలయన్స్ సంస్థకు ఇచ్చివైచెను. గడువు ముగియవచ్చిన 2025లో కొత్త ఒప్పందము కుదరక, జూలైలోనే ఇండియన్ సూపర్ లీగ్‌ను నిలిపివేయగా, కొన్ని క్లబ్బులు ఆటగాండ్ర జీతములను సైతము ఆపినవి. 2022లో ఆ లీగ్‌ను గెలిచిన హైదరాబాద్ ఎఫ్.సి. ఢిల్లీకి తరలిపోయినది.

కావున ప్రసార వ్యాపార మర్మములెరిగినవారు సమాఖ్యలోనికి రావలదని నేను అనను. తప్పక రావలెను, కాని బల్లకు ఇవతల, అమ్ముచున్న క్రీడ పక్షమున, కూర్చుండుటకు రావలెను. కొనువాని ఆస్తులపై పూచీకత్తు, ఉచిత ఛానలులో కొన్ని ఆటలైనను చూపవలెనను నిబంధన, బాలశిక్షణకు తీసి ప్రక్కన పెట్టు భాగము—ఈ మూడును లేని ఒప్పందముపై ఎంత పెద్ద అంకె వేసియున్నను దానిని త్రోసిపుచ్చు అధికారమును, సమాఖ్య అట్టివానికి నియామకపత్రమునందే వ్రాసి యీయవలెను.